మన రీల్ ఎవరు షేర్ చేశారో తెలుస్తుందా?

ఇన్‌స్టాలో రీల్ పక్కన పేపర్ రాకెట్ బొమ్మ దగ్గర నంబర్ పెరుగుతుంటే ఎవరు పంపారో చూడాలని ఎవరికైనా ఉంటుంది, కానీ పేర్లు చూపించరండి. క్రియేటర్ అకౌంట్‌కి మార్చుకుంటే ఇన్‌సైట్స్‌లో ఎన్ని షేర్లు, ఎన్ని సేవ్‌లు అనేది వస్తుంది, అంతవరకే. ఎవరైనా స్టోరీలో పెట్టి మనల్ని ట్యాగ్ చేస్తే మెసేజ్ వస్తుంది, అలా అయితే పేరుతో సహా తెలుస్తుంది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మీ పిన్ని వేసిన లింక్ మాత్రం ఎప్పటికీ తెలీదు, నిజానికి మన తెలుగు వీడియోలు ఎక్కువ తిరిగేది అక్కడే అని నా నమ్మకం.

యూట్యూబ్ షార్ట్స్‌కి కొంచెం నయం, స్టూడియో అనలిటిక్స్‌లో అడ్వాన్స్‌డ్ మోడ్‌కి వెళ్తే ఏ యాప్ ద్వారా షేర్ అయిందో లెక్క ఉంటుంది, వాట్సాప్‌తో సహా. మనుషుల పేర్లు అక్కడా ఉండవు.

"ఎవరు షేర్ చేశారో చూపిస్తాం, లాగిన్ అవ్వండి" అనే యాప్‌లకి మాత్రం దయచేసి పాస్‌వర్డ్ ఇవ్వకండి, ఇన్‌స్టానే ఇవ్వని లిస్ట్ వాళ్ల దగ్గర ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి? ఇప్పటికే ఇచ్చేసుంటే ఈ రోజే పాస్‌వర్డ్ మార్చి, టూ ఫ్యాక్టర్ (లాగిన్‌కి పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే సెట్టింగ్) ఆన్ చేసుకోండి.