నాబ్ మీద గీత పెట్టాకే మిక్సింగ్

వాల్యూమ్ తక్కువగా ఉంటే బేస్ చెవికి సరిగా అందదు. ఫ్లెచర్, మన్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఈ సంగతిని 1933లోనే కొలిచి గ్రాఫులు గీశారు. రాత్రిపూట మెల్లగా పెట్టుకుని మిక్స్ చేస్తే, అంటే గొంతు, వాయిద్యాల పాళ్లు కుదిరిస్తే, డగ్గా (తబలా జతలో బేస్ పలికేది) చాలదనిపించి పెంచేస్తాం. అదే పాట కారులో గట్టిగా పెడితే డగ్గా హోరులో గొంతు వినబడదు. అందుకే ముందు స్పీకర్ వాల్యూమ్ నాబ్‌కు ఒక స్థిరమైన చోటు చూశాను.

ఇందులో రెండు రకాల డెసిబెల్స్ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మీటర్లో కనిపించేది డీబీఎఫ్‌ఎస్. అక్కడ సున్నాయే హద్దు, దాటితే క్లిప్పింగే, అంటే శబ్దం తెగి పగిలినట్టు వినిపిస్తుంది. కాబట్టి అంకెలన్నీ మైనస్‌లో ఉంటాయి. గదిలోని శబ్దాన్ని కొలిచేది డీబీ ఎస్‌పీఎల్. దాని సున్నా 20 మైక్రోపాస్కల్స్, వినబడీ వినబడని శబ్దం. ఈ రెంటికీ లంకె వేసేది స్పీకర్ నాబ్ ఒక్కటే.

పింక్ నాయిజ్‌ను (అన్ని స్థాయిలూ కలిసిన, కొలతలకు వాడే హోరు శబ్దం) 500 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్యకు కుదించి, ఆ తర్వాత మైనస్ 20 డీబీఎఫ్‌ఎస్ ఆర్‌ఎంఎస్‌కు (ఒక రకం సగటు స్థాయి) తెచ్చాను. కుదించకపోతే చిన్న గదిలో పేరుకునే బేస్ వల్ల రీడింగ్ నిలవదు. ఇక్కడే చాలామంది తెలియకుండా 3 డీబీ తేడాలో పడతారు. కొన్ని ఆర్‌ఎంఎస్ మీటర్లు హద్దు దాకా పెంచిన (ఫుల్ స్కేల్) సైన్ వేవ్‌ను, అంటే ఒకే శ్రుతి ఉన్న శుద్ధ స్వరాన్ని, సున్నాగా చూపిస్తాయి, కొన్ని మైనస్ 3గా. మీ మీటర్‌కు అలాంటి ఫుల్ స్కేల్ సైన్ వేవ్ ఇచ్చి అది ఏ రకమో ముందే తేల్చుకోండి. నేను మైనస్ 3 చూపించే రకాన్నే వాడాను.

సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్లు (ట్రాకుల వాల్యూమ్ మీటలు) సున్నాలో, మాస్టర్ (అన్నీ కలిసే చివరి ట్రాకు) మీద ప్లగిన్లు ఆఫ్, ఫ్యాన్, ఏసీ బంద్. సౌండ్ మీటర్‌ను సీ వెయిటింగ్ (బేస్‌ను పెద్దగా తగ్గించకుండా కొలిచే పద్ధతి), స్లోలో (అంకె నెమ్మదిగా మారే పద్ధతి) పెట్టి, కూర్చున్నప్పుడు తల ఉండే చోట స్టాండుకు బిగించాను. ఫోన్ యాప్ కన్నా చవకరకం మీటరైనా నయం. యాప్ రీడింగ్ ఫోన్‌ను బట్టి మారిపోతుంది.

ఎడమ స్పీకర్ ఒక్కటే మోగించి 76 డీబీకి తెచ్చాను, తర్వాత కుడిది. సినిమా మిక్సింగ్ హాళ్లలో 85 పెడతారు కానీ నా గది 10 అడుగులు, 12 అడుగులు, ఎత్తు 9. అంటే 1,080 ఘనపుటడుగులు. 1,500 లోపు గదులకు అమెరికా టీవీ ప్రసారాల ఏ/85 సిఫారసు 76. పాటలకూ అదే హాయిగా ఉంది. రెండు స్పీకర్ల మధ్య తేడా అర డీబీ దాటకూడదు, దాటితే గొంతు మధ్యలోంచి జరుగుతుంది. రెండూ కలిపి మోగిస్తే రీడింగ్ 3 డీబీకి పైగా పెరుగుతుంది. అది సహజం, మళ్లీ తగ్గించకండి.

నాబ్ పక్కన టేపు అంటించి ఆ చోట గీత గీశాను, 10 డీబీ కిందకు ఇంకో గీత. గొంతు, వాయిద్యాల పొందిక కింది గీత దగ్గరే చూస్తాను, చెవులు అలసిపోవు. బేస్ మీద నిర్ణయం మాత్రం 76 దగ్గరే.

విడుదలైన పాటతో పోల్చేటప్పుడు నాబ్ ముట్టుకోను. ఆ పాట మైనస్ 9 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), నా మిక్స్ మైనస్ 18 ఉంటే, ఆ పాట ట్రాకునే 9 డీబీ తగ్గిస్తాను.