మౌనినై అంటే ఏంటమ్మా?

2025 ఫిబ్రవరిలో నాకు టీబీ అని తేలింది. అప్పటికి నెలన్నరగా దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, తెల్లవారేసరికి చెమటకి తలగడ తడిసిపోయేది. ఊళ్ళో డాక్టరు గారు ఇంజెక్షన్లు ఇస్తూ పోయారు, నేను చేయించుకుంటూ పోయాను. 51 కిలోలుండే దాన్ని 43కి వచ్చేశాక మా ఆయన పట్టుబట్టి కళ్లె పరీక్ష చేయించారు.

మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. ఇంట్లో లేసు అల్లుతాను. పుట్టిందీ మెట్టిందీ బ్రదరెన్ అనే క్రైస్తవ సంఘం కుటుంబాల్లోనే. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన బౌడన్, బీర్ దంపతుల కాలం నుంచీ ఈ గోదావరి డెల్టా కూడికల్లో బైబిలే సర్వం. పిల్లలకి మాటలు రాగానే కంఠత వాక్యాలు నేర్పిస్తాం. నేనూ అలా నేర్చుకున్నదాన్నే, పన్నెండేళ్ళుగా సండేస్కూల్లో నేర్పిస్తున్నదాన్నే. ఏ వచనం అడిగినా ఆగకుండా చెప్పేదాన్ని.

మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు కలిపిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలవి. మొదటిరోజు మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని ఏడ్చేశాను. "మందు రంగేనండీ, కంగారు పడకండి" అని ఆశా అమ్మాయి ధైర్యం చెప్పింది. వీధి గదిలో కిటికీలు తీసి నా మంచం వేశారు.

చూడటానికి వచ్చినవాళ్ళలో ఒకరు, విశ్వాసముంటే ఇన్ని మాత్రలెందుకన్నారు. ఇంకొకరు ఏ పాపం దాచావో పరీక్షించుకోమన్నారు. ఈ రెండు మాటలూ తప్పే. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవారూ కాదని ప్రభువే చెప్పాడు. టీబీ గాలి ద్వారా అంటుకునే జబ్బు. మందులు మధ్యలో ఆపితే అది మందులకు లొంగకుండా మొండికెత్తవచ్చు. నేను ప్రార్థన చేసుకుని మాత్ర వేసుకున్నాను, ఒక్కరోజు కూడా మానలేదు.

అసలు చెప్పాలనుకున్నది ఏప్రిల్ సంగతి. ఏటా వేసవిలో కట్టేసినట్టే కాలువలకు నీళ్ళు కట్టేశారు. మా కిటికీలోంచి చూస్తే కాలువ అడుగు బీటలిచ్చి ఉండేది, మధ్యలో చిన్న మడుగు, దాని చుట్టూ కొంగలు. నాకు పుస్తకం పట్టుకునే ఓపిక లేదు. తొమ్మిదేళ్ళ మా అబ్బాయి గడప మీద కూర్చుని బైబిల్లోంచి రోజూ ఒక కీర్తన చదివేవాడు. పాత తెలుగు కదా, వాడికి నోరు తిరగదు. కూడబలుక్కుంటూ చదివేవాడు.

ఆరోజు ముప్పై రెండో కీర్తన. "నేను మౌ... ని... నై యుండగా" దగ్గర ఆగిపోయాడు.

"మౌనినై అంటే ఏంటమ్మా?"

"మాట్లాడకుండా ఉండటం నాన్నా."

"నువ్వు పెద్దమ్మతో మాట్లాడవు కదా, అలాగా?"

నేనేమీ అనలేదు. వాడు మళ్ళీ వేలు పెట్టుకుని చదివాడు: "నా సారము వేసవికాలమున ఎండినట్టాయెను." నా కళ్ళు కిటికీ వైపు తిరిగాయి.

పెద్దమ్మంటే నా తోటికోడలు. ఐదేళ్ళ కిందట అత్తయ్య చనిపోయినప్పుడు ఆవిడ బంగారు గాజులు రెండు కనబడలేదు. అక్కే తీసిందని నా అనుమానం. ఆవిడని అడగలేదు. సంఘంలో నలుగురు ఆడవాళ్ళకి మాత్రం "మా ఇంటి విషయం ప్రార్థనలో పెట్టండి" అంటూ మొత్తం చెప్పాను. ప్రార్థన అంశంగా చెప్పాను కాబట్టి అది చాడీ అని నాకు తోచలేదు. ఐదేళ్ళు ప్రతి ఆదివారం ఆవిడ ముందు చాప మీద, నేను వెనక తలుపు దగ్గర. ప్రభువు బల్ల దగ్గర మాత్రం ఒకే రొట్టె, ఒకే గిన్నె.

అందరితో మాట్లాడి దేవుడి దగ్గర మాత్రం మౌనంగా ఉన్నాను. పాపం ఒప్పుకోకుండా మౌనంగా ఉంటే మనిషి ఎండిపోతాడని చెప్పే ఆ కీర్తన నేను పిల్లలకి ఎన్నిసార్లు అప్పజెప్పించానో! నా నోటికి వచ్చింది గానీ నా లోపలికి రాలేదు. ఆ రాత్రి మొదటిసారి, ఆవిడ తప్పు ఎత్తకుండా, నా తప్పు ఒక్కటే ప్రభువుకి చెప్పుకున్నాను. చాలాసేపు ఏడ్చాను. గుండెల మీంచి ఏదో బరువు దించినట్టయింది.

అయినా వెళ్ళడానికి మూడు వారాలు పట్టింది. వాళ్ళిల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే. అక్క అరుగు మీద చీపురు కోసం కొబ్బరాకు ఈనెలు తీస్తోంది.

"అక్కా, గాజుల గురించి నీ మీద నలుగురితో అన్నాను. తప్పు చేశాను, క్షమించు."

ఆవిడ తలెత్తలేదు. కత్తి ఆకు మీద అలాగే జారుతోంది. "తెలుసు" అంది.

"ఎప్పటి నుంచి?"

"అత్తయ్య పోయాక పెట్టిన ఆదరణ కూడిక నాటి నుంచే."

నాకు కాళ్ళు ఆడలేదు. ఐదేళ్ళుగా తెలిసి కూడా నాతో ఆ ఒకే గదిలో కూర్చుంది. కాసేపటికి ఈనెలు పక్కకి నెట్టి, "నిలబడకు, ఆయాసపడుతున్నావు. కూర్చో" అంది. గాజుల సంగతి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆ నలుగురి ఇళ్ళకి వెళ్ళడం ఇంతకన్నా కష్టమయింది. ఒకావిడ "ఎప్పుడో మర్చిపోయాను" అంది. ఇంకొకావిడ మర్చిపోలేదు, నా మాట నమ్మి అక్కని ఇన్నేళ్ళూ దూరం పెట్టిందట. ఆవిడకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

జూన్‌లో కాలువ వదిలారు. ఆగస్టులో మందుల కోర్సు పూర్తయింది, కళ్లె పరీక్షలో క్రిములు లేవన్నారు. 48 కిలోలకి వచ్చాను. ఇప్పటికీ ఎప్పుడైనా ఆ గాజులు మనసులో మెదులుతాయి, కోపం లేవబోతుంది. మునుపైతే అల్లిక పని పక్కన పెట్టి మరీ తలుచుకునేదాన్ని. ఇప్పుడు ఆ కోపం కంటే ముందు మావాడు కూడబలుక్కున్న ఆ మాట వినబడుతుంది.

కీర్తనలు ఇంకా వాడే చదువుతున్నాడు, రోజుకి నాలుగైదు వచనాలే. ఈ మధ్య సాయంత్రాలు అక్క కూడా వచ్చి గడప దగ్గర కూర్చుంటోంది. వాడు తడబడిన చోట మాట ఆవిడే అందిస్తుంది.