పావురాయి పరాయి మిద్దె మీద ఎందుకు వాలింది?

నాటకంలో పావురం కనిపిస్తే చాలు, మా పిల్లలు ‘శాంతికి చిహ్నం’ అని రాసేస్తారు. గైడ్లు అలా అలవాటు చేశాయి. చీకటంటే అజ్ఞానం, దీపమంటే జ్ఞానం, ఎరుపంటే కోపం. మార్కులూ పడతాయి కాబట్టి వాళ్లను అనడానికేం లేదు. కానీ సారంగధరుడి కథలో ఆ పావురం ఎవరికి శాంతినిచ్చింది? దాని వెంట పోయినందుకే కదా కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నాడు!

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. విషాదాంత నాటకం గురించి చెప్పాల్సి వస్తే ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’తోనే మొదలుపెడతాను. ధర్మవరం నుంచి రోజూ వచ్చిపోయే పిల్లలు మా క్లాసులో చాలామందే ఉన్నారు. ఊరి పేరెత్తితే పట్టుచీరలంటారు. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న మనిషి (1853-1912) వాళ్ల ఊళ్లోనే పుట్టాడనీ, బళ్లారిలో వకీలుగా ఉంటూ నాటకాలు రాసి ఆడించాడనీ చెప్తే ముందు నమ్మరు. నాటకం దుఃఖంతో ముగియకూడదన్న సంస్కృత సంప్రదాయాన్ని పక్కనపెట్టి తెలుగులో విషాదాంతం రాశాడంటే కొంచెం నిటారుగా కూర్చుంటారు. అది చాలు నాకు.

కథ తెలిసిందే. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు పావురంతో ఆడుకుంటుంటే అది ఎగిరిపోయి సవతి తల్లి చిత్రాంగి మేడ మీద వాలింది. దాని కోసం లోపలికి పోయాడు. ఆమె మనసు పడింది, ఇతను తల్లివన్నాడు. ఆమె రాజుకు తిప్పి చెప్పింది. రాజు విచారణ లేకుండా కాళ్లూ చేతులూ నరికించాడు.

‘పావురం దేనికి ప్రతీక?’ అని నేను అడగను. అడిగితే శాంతి వస్తుంది, గైడు వస్తుంది. అది ఎవరి చేతిలోంచి ఎగిరింది, ఎక్కడ వాలింది, ఎవరు పట్టుకున్నారు, దాన్ని చూసిందెవరు, ఇవి బోర్డు మీద రాయమంటాను. వస్తువును ముందు వస్తువుగానే చూడాలి. దాని అర్థం సంగతి తర్వాత.

అలా రాస్తుంటే వెనక బెంచీ వాడొకడు, ఇంట్లో పావురాలు పెంచేవాడు, లేచాడు. ‘మేడం, పెంపుడు పావురాయి పరాయి మిద్దె మింద ఊరికే వాలదు. ఆడ ఎవురో గింజలన్నా సల్లుండల్ల, లేదంటే ఆడ పెంటి అన్నా ఉండల్ల.’

క్లాసంతా గొల్లుమంది. నేను నవ్వలేదు. ఇన్నేళ్లుగా ఈ పాఠం చెప్తున్నా, ఏ వ్యాసంలోనూ ఇంత మంచి మాట చూడలేదు. పావురం దారి తప్పలేదు, దాన్ని రప్పించారు అనుకుంటే చిత్రాంగి వేరే మనిషవుతుంది. ‘సరే, దీనికి నాటకంలో ఆధారం వెతికి పట్రా’ అన్నాను. ఆధారం లేని ఊహను నేను ఒప్పుకోను, అది ఎంత అందంగా ఉన్నా సరే.

ఆడపిల్లలు ఊరుకోలేదు. కొడుక్కని చూసిన పిల్లను చిత్తరువు చూసి తండ్రి తానే చేసుకున్నాడని కదా కథ! తప్పు అక్కడ మొదలైతే పావురాన్ని, చిత్రాంగిని పట్టుకుని వేలాడతారేమిటన్నారు. ఒకమ్మాయి ఇంకో మెట్టెక్కింది. చిత్తరువు చూసింది రాజు కళ్లు, పిల్లవాణ్ని చూసింది చిత్రాంగి కళ్లు. శిక్ష మాత్రం మేడలోకి నడిచిన కాళ్లకు, పావురాన్ని అందుకోబోయిన చేతులకు పడింది! ఆ గంటకు నేను చెప్పాల్సిందంతా ఆ పిల్లే చెప్పేసింది.

ఇక మిగిలింది ముగింపు. పాత కథలో సిద్ధుడొచ్చి కాళ్లూ చేతులూ మొలిపిస్తాడు. ఆచార్యులవారి నాటకం అలా ఊరడించదు. రెండు ముగింపులూ పక్కపక్కన పెట్టి ఒక్కటే అడుగుతాను: దేంట్లో రాజు నిద్రపోగలడు? అవయవాలు మళ్లీ మొలిస్తే రాజు తొందరపాటు కూడా మాఫీ అయిపోతుంది. మొలవకపోతే నిజం తెలిశాక కూడా అతను ఆ తీర్పుతోనే బతకాలి. విచారణ లేని తీర్పు అన్న ఇతివృత్తాన్ని నేను డిక్టేట్ చేయక్కర్లేదు. పిల్లలే అక్కడికి వస్తారు, తగువులాడుతూ వస్తారు. సిద్ధుడే కావాలనే వాళ్లూ ఉన్నారు. ‘అంత బాధ ఎందుకు మేడం, టెన్షన్’ అంటారు. వాళ్లనూ రాయమన్నాను, ఎందుకు కావాలో.

కాలేజీ వార్షికోత్సవానికి పావురం ఎగిరిపోయే ఆ ఒక్క రంగమన్నా వేద్దామంటున్నారు. పావురాన్ని చూపించాలా, రెక్కల చప్పుడు వినిపిస్తే చాలా అని ఇంకా తేలలేదు. నా ఓటు చప్పుడుకే. వెనక బెంచీ వాడు మాత్రం తన పావురాయినే తెస్తానంటున్నాడు. ‘కాకపోతే మేడం, స్టేజీ మింద వదిల్తే అది చిత్రాంగి కాడికి పోదు, సీదా మా ఇంటికి పోతాది.’