కొత్త కారు వచ్చేదాకా ఈ జెడ్4

ఆర్డరిచ్చిన కారు ఎప్పుడొస్తుందో అమ్మేవాళ్ళకే సరిగ్గా తెలియడం లేదు. అందుకని ఈలోపు నడుపుకోవడానికి ఇంకో స్పోర్ట్స్ కారు కొన్నాను. పాతదే. బీఎండబ్ల్యూ జెడ్4, రెండే సీట్లు, పైకప్పు తెరుచుకుంటుంది. "ఎలాగూ కొత్తది వస్తోంది కదా, మళ్ళీ ఇదెందుకు?" అని ఆసుపత్రిలో అడిగారు, ఇంట్లో అడిగారు, అపార్టుమెంటు లిఫ్టులో కూడా అడిగారు. వాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పిన జవాబు ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను. నాలాగే బుకింగ్ డబ్బు కట్టి ఎదురుచూస్తున్న వాళ్ళకి పనికొస్తుంది.

నేను మత్తు డాక్టర్ని. వయసు యాభై దాటింది. అర్ధరాత్రి ఫోనొస్తుంది, సిజేరియన్ అనో, యాక్సిడెంట్ కేసు అనో. పేషెంటు కళ్ళు తెరిచి తన పేరు తను చెప్పేదాకా థియేటర్ వదలం. అది అయ్యాక వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉన్న ఇంటికి వెంటనే వెళ్ళబుద్ధి కాదు. కాసేపు బండి నడపాలనిపిస్తుంది. పాటలు అక్కర్లేదు, పక్కన మనిషి అక్కర్లేదు, స్టీరింగు చేతిలో ఉంటే చాలు. ఒక మంచి కారు కొనుక్కోవాలన్న కోరిక అక్కడే పుట్టింది.

కొత్తది కూపే, అంటే రెండు తలుపులుండి పైకప్పు తెరుచుకోని కారు, పూర్తిగా బయటి దేశంలో తయారై వచ్చేది. కంపెనీ పేరు రాయను. మొదట దసరా అన్నారు. తర్వాత సంక్రాంతి అన్నారు. ఆ తర్వాత ఉగాది. ఇప్పుడు వినాయక చవితి అంటున్నారు.

ఈ ఆలస్యం అసలు ఎక్కడ పుడుతుందో తెలుసుకున్నాక నాకు కోపం తగ్గింది, టెన్షన్ కూడా తగ్గింది. ఇలాంటి కార్లు గోడౌన్‌లో వరసగా నిలబెట్టి ఉండవు. మనం రంగు, సీట్లు, చక్రాలు ఎంచుకున్నాక మన దేశానికి ఎన్ని బండ్లు కేటాయించారో, అందులో మన షోరూం వంతు ఎంతో, ఆ వంతులో మన పేరు ఎక్కడుందో తేలాలి. అప్పుడుగానీ ఫ్యాక్టరీలో మన బండికి తయారీ వారం రాదు. ఓడ సంగతి ఆ తర్వాత. షోరూం అబ్బాయి మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా ఓడల గురించే చెబుతాడు. 2023 నవంబరులో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా చుట్టూ, కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా తిరిగి రావడం నిజమే. పోర్టు ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, నాకూ ఓడల్లో పనిచేసే చుట్టాలున్నారు, వాళ్ళని అడిగాను. ఆ చుట్టుతిరుగుడుకి పెరిగేది రెండు వారాలు, మహా అయితే మూడు. పండగ మీద పండగ దాటిపోవడానికి అది చాలదు. కాబట్టి "ఓడ ఎక్కడుంది" అని అడక్కండి, "తయారీ వారం ఇచ్చారా" అని అడగండి. ఇవ్వలేదన్నారంటే ఇంకా నెలల మాటే అనుకోవాలి.

నా బండికి ఇంకా ఇవ్వలేదు.

పాత సెడాన్ అప్పటికే తమ్ముడికి ఇచ్చేశాను. ఆసుపత్రికి వెళ్ళి రావడానికి చిన్న హ్యాచ్‌బ్యాక్ ఏదైనా సరిపోతుంది, మావారు అన్నది అదే. కానీ అమ్మకి నా వయసులోనే మోకాళ్ళు పట్టేశాయి. నాకు ఇవాళ బాగున్నాయి. కిందికి కూర్చునే కారులో కూర్చుని మళ్ళీ సునాయాసంగా లేవగలుగుతున్నాను. ఈ కాలాన్ని ఎవరి కోటా కోసమో వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ఏది కొనాలి అన్నదగ్గర ఒక్క నియమం పెట్టుకున్నాను. వచ్చే కారులాంటిదే, దానికన్నా కొంచెం తక్కువది కొనకూడదు. అలా కొంటే ప్రతి మలుపులోనూ "కొత్తదైతే ఇంకా బాగుండేది" అనిపిస్తుంది. కొత్తది ఇవ్వలేనిది ఏదో ఇవ్వాలి. ఆడీ టీటీ మంచి స్థితిలో ఉన్నది ఒకటి చూశాను, చక్కటి కారు, కానీ అదీ కూపేనే. మినీ కూపర్ ఎస్ హుషారుగా ఉంది, మనసుకి మాత్రం పట్టలేదు. నేను ఆర్డరిచ్చినదానికి పైకప్పు తెరుచుకోదు. నేను ఉండేదేమో ఇలాంటి సముద్రం పక్కన. అందుకే జెడ్4 దగ్గర ఆగాను.

ఇది 2009 నుంచి 2016 దాకా జర్మనీలో రేగెన్స్‌బర్గ్‌లో తయారైన తరం. నాది 2013 మోడల్, 35ఐ. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, రెండు టర్బోలు, 306 హార్స్‌పవర్. ఈ కారు బయటి రూపం గీసింది జూలియానె బ్లాసి, లోపలి రూపం నాడ్యా అర్నౌట్. ఇద్దరూ ఆడవాళ్ళే. స్పోర్ట్స్ కారు షోరూంలోకి వెళ్తే "సార్ రాలేదా మేడమ్?" అని ముందు మావారి గురించి అడిగించుకున్న దాన్ని నేను. ఆ పొడవాటి బానెట్ మీద గీత ఒక ఆడపిల్ల చేతి నుంచి వచ్చిందని తెలిసిన రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

బండి దొరికింది పాండురంగాపురంలో. మర్చంట్ నేవీలో చీఫ్ ఇంజనీరుగా చేసిన సార్‌ది. ఏడాదిలో సగం ఓడ మీదే గడిపిన మనిషి కాబట్టి తిరిగింది చాలా తక్కువ. నంబరు ఏపీ 31, అంటే మన వైజాగ్‌దే. ఇది నాకు పెద్ద విషయం, ఎందుకో చెబుతాను. ఇవే కార్లు హైదరాబాదులో, బెంగళూరులో ఎక్కువ దొరుకుతాయి, ధరలు కూడా కలిసొస్తాయి. కానీ వేరే రాష్ట్రం బండి తెస్తే అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెచ్చుకోవాలి, ఏడాదిలోపు ఇక్కడి నంబరు వేయించాలి, లైఫ్ టాక్స్ ఇక్కడ మళ్ళీ కట్టాలి. అక్కడ కట్టినదాంట్లో మిగిలింది వెనక్కి రాబట్టడానికి ఇంకో తిరుగుడు. పదేళ్ళు ఉంచుకునే కారుకైతే ఆ బాధ పడొచ్చు. మధ్యలో వచ్చిపోయే కారుకి ఆ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక మన ఊరి 31 కొత్తగా ఎవరికీ రావడం లేదు, అది కూడా నాకు ముద్దొచ్చింది. ఈ బండికైతే పేరు మార్పిడి కాగితాలు ఫారం 29, ఫారం 30, అంతే, పేరు మారిపోయింది.

ఇన్సూరెన్సులో ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, బండిది కాదు, మనిషిది. సెడాన్ ఇచ్చేసేటప్పుడు నా 50 శాతం బోనస్‌కి కాగితం తీసి ఉంచుకున్నాను. ఆ కాగితం మూడేళ్ళు చెల్లుతుంది. దాన్ని జెడ్4 పాలసీకి పెట్టించాను. దీన్ని అమ్మినప్పుడు మళ్ళీ తీసుకుని కొత్తదానికి పెట్టుకుంటాను. ఖరీదైన కారుకి అది చిన్న మొత్తం కాదు.

కొనేముందు ఆటోనగర్ నుంచి మా మెకానిక్‌ని తీసుకెళ్ళాను. ఆయన ఇంజన్ శబ్దం విన్నాడు, కంప్యూటర్ పెట్టి చూశాడు, బండి కింద దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి చెయ్యి తుడుచుకుంటూ, "ఇంజనుకేటీ అవలేదు మేడమ్, బాగుంది. రబ్బర్లే చూసుకోవాలండి. ఉప్పుగాలి కదా, తినీస్తాది" అన్నాడు. తక్కువ తిరిగిన బండికి ఉండే జబ్బు అదే. టైర్లు చూడండి. గాళ్ళు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గడి, అందులో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఈ టైర్లకి చివరి అంకెలు 14. అరుగుదల లేకపోయినా రబ్బరు గట్టిపడిపోయింది. ఆ అంకెలు సార్‌కి చూపించాను. ఆయన వెంటనే ఒప్పుకుని నాలుగు టైర్ల ఖరీదు తగ్గించారు. ఇంకోమాట అన్నారు: "అమ్మేటప్పుడు ముందు నాకు ఫోన్ చెయ్యమ్మా." చేస్తానని మాటిచ్చాను.

ఈ కారుకి స్టెప్నీ లేదు. గాలి పోయినా కాస్త దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చింది. అవి పక్కలు గట్టిగా ఉంటాయి కాబట్టి మన గుంతలు నేరుగా నడుం దాకా వస్తాయి. నేను మామూలు టైర్లు వేయించి, డిక్కీలో పంక్చర్ కిట్టూ చిన్న కంప్రెసరూ పెట్టుకున్నాను. ఎవరు ఏమన్నా ఇది చేయాల్సిన మార్పే.

పైకప్పు గురించి చెప్పకపోతే ఎలా. గుడ్డది కాదు, అల్యూమినియం, రెండు ముక్కలు. బటన్ పట్టుకుంటే ముందు అద్దాలు దిగుతాయి. డిక్కీ మూత వెనక్కి, మామూలుగా తెరుచుకునే వైపుకి ఎదురుగా లేస్తుంది. కప్పు రెండుగా విడిపోయి, ఒకదాని మీద ఒకటి చేరి, కిందికి ఒదిగిపోతుంది. మొత్తం 20 సెకన్లు. డిక్కీలో 310 లీటర్లుండే చోటు 180 అవుతుంది. సామాను మీద అడ్డపలక లాగి పెట్టకపోతే కప్పు కదలదు, నా బ్యాగూ అమ్మ ఇచ్చే టిఫిన్ క్యారియరూ ఆ పలక కింద పట్టాలి. పడతాయి.

అమ్మ పట్టుబట్టి ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్ళింది. వైజాగ్‌లో కొత్త బండి అక్కడికి వెళ్ళకుండా రోడ్డెక్కదు. "పాత బండే కదమ్మా" అంటే, "నీకు కొత్తదే" అంది. పూజారిగారు బానెట్ మీద పసుపు కుంకాలతో బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వంగి పెట్టడానికి ఆయనకి చోటు చాలక నేనే రెండు పెట్టాను.

ఇక రోడ్డు. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే నడిచేవాళ్ళ కోసం వాహనాలు ఆపేస్తారు, అందుకని నేను ఇటు లాసన్స్‌బే వైపు నుంచి ఎక్కుతాను. తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్, రుషికొండ. మంగమారిపేట దాటేటప్పుడు ఎండుచేపల వాసన ముఖానికి కొడుతుంది, కాస్త ముందుకెళ్తే సరుగుడు తోటల గాలి, ఎర్రమట్టి దిబ్బల దగ్గర వాన పడిన రోజైతే ఇంకో వాసన. అద్దాలెత్తి ఏసీ వేసుకుని ఇదే రోడ్డు మీద ఏళ్ళ తరబడి వెళ్ళాను, ఇవేవీ నాకు తెలియలేదు. గంటకి యాభై, అరవై చాలు. అంతకన్నా అక్కర్లేదు. ఈ రోడ్డు మీద రేసులు పెట్టుకునే పిల్లలకి ఒక మాట: మీలాంటి వాళ్ళకి అర్ధరాత్రి మత్తిచ్చేది నేనే. బయట బెంచీ మీద మీ అమ్మానాన్నల్ని చూసేదీ నేనే. దయచేసి వద్దు.

ఉప్పు సంగతి మెకానిక్ చెప్పినట్టే. రాత్రి బయట పెడితే తెల్లారేసరికి బ్రేకు డిస్కుల మీద సన్నటి తుప్పు పొర ఉంటుంది, రెండు బ్రేకులు వేస్తే పోతుంది. కింద భాగం మంచినీళ్ళతో కడిగిస్తాను. కప్పు రబ్బర్లకి సిలికాన్ గ్రీజు రాస్తాను. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తున్న రోజులివి, 2013 నాటి కారు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు, అందుకే ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవుంచను.

మార్చిలో అరకు వెళ్ళాం, నేనూ అమ్మా. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అంతకుముందు వారం జల్లులు పడ్డాయి. అనంతగిరి దగ్గరికొచ్చేసరికి అమ్మ "మల్లెపూలు ఎక్కడివే?" అంది. మల్లెలు కావు, సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు తెల్లగా పూసి ఉన్నాయి. వాసన రెండు మలుపుల ముందునుంచే వచ్చేసింది. అమ్మకి దిగడం కష్టమని బండి పక్కకి ఆపి, కప్పు తెరిచే ఉంచి, కూర్చున్న చోటే చూపించాను. ఆ కాఫీపూల వాసన ఆర్డరిచ్చిన కూపేలో కూర్చుంటే వచ్చేది కాదు.

అన్నిటికన్నా పనికొచ్చిన లాభం నేను ముందు ఊహించనిది. తయారీ వారం ఖరారు కానంతవరకు ఆర్డరులో మార్పులు చేసుకోవచ్చు. ఎత్తు తక్కువ కారు ఈ ఊళ్ళో నడిపాక నాకు నిజంగా ఏం కావాలో తెలిసింది. ఫొటోలో బాగున్నాయని పెద్ద చక్రాలు ఎంచుకున్నాను, ఒక సైజు తగ్గించాను. స్పీడ్ బ్రేకర్ల దగ్గర ముందు భాగం పైకి లేపే ఏర్పాటు అదనంగా పెట్టమన్నాను. పక్కలు బిగించి పట్టే సీట్లు తీసేసి, అమ్మ కూర్చుని లేవగలిగే సీట్లు అడిగాను. ఆ మూడింటికీ ఒప్పుకున్నట్టు పోయిన వారం మెయిల్ వచ్చింది. తయారీ వారం దగ్గర గడి ఇంకా ఖాళీయే.

వానలు మొదలయ్యేలోపు జెడ్4 కప్పు నీళ్ళు పోయే గొట్టాలు శుభ్రం చేయించాలి. శనివారం మధ్యాహ్నం తీసుకురమ్మన్నాడు మెకానిక్.