హైబ్రిడ్ బండికి ఏ ఆయిల్?

మా హైబ్రిడ్‌కి, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న కారుకి, మాన్యువల్‌లో రాసిన ఇంజిన్ ఆయిల్ 0డబ్ల్యూ-16, బాగా పల్చటి రకం. బెంగళూరు జేసీ రోడ్డులో ఒక షాపాయన, మన చిత్తూరు వైపు మనిషే, "నీళ్లలా ఉంటుందన్నా అది, 5డబ్ల్యూ-30 పోయించుకో" అని పట్టుబట్టాడు. నేను వినలేదు. ఇంజిన్‌ని ఆ పల్చదనానికి తగ్గట్టే చేశారు. రాపిడి తక్కువ, మైలేజీ నిలబడుతుంది. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ, జీఎఫ్-6బీ అనే నాణ్యతా గుర్తులు ఉంటే చాలు. ఆ 6బీ 0డబ్ల్యూ-16 కోసమే పెట్టిన ప్రమాణం. బ్రాండ్ పట్టింపు నాకు లేదు.

ఎన్నాళ్లకు మార్చాలన్నదే అసలు గొడవ. మీటర్ తిరిగినంత ఇంజిన్ తిరగదు కదా, ఇంకొన్నాళ్లు లాగించు అంటాడు మా బావ. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా పాకేటప్పుడు ఇంజిన్ కాసేపు తిరిగి ఆగిపోతుంది, ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. తేమ, కాలని పెట్రోలు అందులోనే మిగిలిపోతాయి. అనంతపురం హైవే మీద గంటసేపు తోలితే చాలావరకు ఆవిరైపోతాయి, నిజమే. నెలల తరబడి ఊళ్లోనే తిరిగే బండికి ఆ అవకాశమేదీ? అందుకే 10,000 కిలోమీటర్లు కాకపోయినా ఏడాది తిరిగేసరికి మార్పించేస్తాను. ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) తీసినప్పుడు గుప్పున పెట్రోలు వాసన కొడితే అంతవరకూ కూడా ఆగను.