పక్కింటి అరుగు

పక్కింటి అరుగు కొట్టేశారు. ఆ ఇల్లు మా బాబాయిది. పొద్దున గునపాలు వేసి, భోజనాల వేళకల్లా కానిచ్చేశారు. "వాళ్లిల్లు, వాళ్లిష్టం" అంది మా ఆవిడ. ఆ మాటే ఇంకా మండుతోంది. మా వీధిలో ఏ ఇల్లూ విడిగా లేదు కదా! ఇంటికీ ఇంటికీ ఉమ్మడి గోడ, ముందు అందరిదీ ఒకే ఎత్తు చూరు. వానలో ఈ చివర నుంచి ఆ చివరకి తడవకుండా నడిచేవాళ్లం.

మా ఊరు పర్లాకిమిడి వచ్చినవాళ్లు గజపతి ప్యాలెస్ ముందు ఫొటోలు దిగుతారు. మద్రాసు సెనేట్ హౌస్ నక్షా గీసిన చిషోమ్ దొరే దీనికీ గీశాడని చుట్టాలకి నేనూ చెబుతుంటాను. బజారు ఇళ్ల ముందు మాత్రం ఎవరూ ఆగరు.

సంత ముందురోజు సాయంత్రం సవర గిరిజనులు కొండ దిగేవారు. కావిళ్లలో చింతపండు, పసుపు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు. రాత్రికి అరుగుల మీదే పడక. తాతయ్య గడియ వేసే ముందు కుండతో నీళ్లు, పక్కన లాంతరు పెట్టించేవాడు. బేరానికి సరిపడా సవర మాటలు ఆయనకి వచ్చు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుంది ఈ ఊళ్లో బడిపంతులుగా ఉన్నప్పుడే. ఆయన చెవిన మొదటి మాట ఏ అరుగు మీద పడిందో అని ఎన్నోసార్లు అనుకున్నాను. మా అరుగు అంచున కత్తులు నూరి నూరి పడ్డ గాడి ఒకటుంది. బొటనవేలు పెడితే సరిగ్గా ఇముడుతుంది. పక్కింటి దానికీ ఉండేది, ఇంకాస్త లోతుగా.

సాయంత్రం దాకా బాబాయిని తిట్టుకుంటూనే ఉన్నాను. అన్నం తింటుంటే వేరేగా అనిపించింది. అసలీ ఇళ్లు కట్టిందే వ్యాపారానికి. ముందు కొట్టు, వెనక కాపురం, అటక మీద సరుకు. 1900లో నౌపడా నుంచి చిన్న రైలు వచ్చింది. 1936లో ఒరిస్సా ఏర్పడి మా ఊరు అటు వెళ్లింది, పక్కనున్న పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. అయినా బేరాలు ఆగలేదు. బాబాయి కొడుక్కి ఉద్యోగం లేదు, షట్టర్ పెట్టి కొట్టు తెరవాలంటున్నాడు. తాతయ్య ఉంటే తనే దగ్గరుండి తెరిపించేవాడేమో.

సిమెంటు సంగతి మాత్రం మింగుడు పడటం లేదు. ఉమ్మడి గోడకి సిమెంటు పూస్తారట. అది గానుగ సున్నం గోడ. నేల చెమ్మని పీలుస్తుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పడితే చెమ్మ లోపలే నిలిచిపోయి, ఉప్పు పూసి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మూడిళ్ల అవతల ఇలాగే అయింది, వేలితో గీకితే ఎర్రటి పొడి వస్తోంది. "సున్నంతో చెయ్యి బాబూ" అన్నాను మేస్త్రీతో. "సున్నం ఆరేదాకా ఎవరు కూచుంటారండీ" అన్నాడు. నిజమే, సున్నం గుంటలో నానాలి, ఇసుకతో కలిసి గానుగలో నలగాలి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పడాలి. పైగా "మీ వైపు కూడా పూసేమంటారా, ఒక్క ఖర్చుతో పోతుంది" అని మా ఆవిడనడిగాడు. ఆవిడ సరే అంది! ఇదీ నా టెన్షన్.

రేపు పొద్దున్నే బాబాయితో మాట్లాడాలి. కొట్టు పెట్టుకోమనే చెబుతాను. గోడకి సున్నమే వేయిద్దాం, ఎక్కువయ్యే ఖర్చు నాది అంటాను. ఆ పని తెలిసిన మేస్త్రీ కోసం టెక్కలి వైపు కూడా వాకబు చేయాలి.