టిఫిన్ డబ్బా వేట: కర్ర మీద దొరికింది, గాల్లో మాయమైంది

ఇంత విసుగు పుట్టించిన పని ఈ మధ్య ఇంకోటి లేదు. నేలలో పాతిన మందుపాతరలను డ్రోన్‌తో కనిపెట్టగలనా అని చూస్తున్నా. ఉత్తుత్తి మందుపాతరగా మా చెల్క చేనులో ఇసుక నింపిన స్టీలు టిఫిన్ డబ్బాను జానెడు లోతున పాతి, మట్టి సర్ది, ఎండకు వదిలేశా. వేడి తేడాలను బొమ్మగా చూపే థర్మల్ కెమెరాను 3 మీటర్ల వెదురు కర్రకు కట్టి పొద్దున 8 గంటలకు చూస్తే, తవ్విన చోటు చుట్టుపక్కల కన్నా 0.8 డిగ్రీలు వేడిగా, గుండ్రంగా, ముచ్చటగా కనపడింది. కెమెరా పట్టేది డబ్బాను కాదు, గుల్లబారిన మట్టిని. గట్టినేల కన్నా అది తొందరగా కాగుతుంది, తొందరగా చల్లారుతుంది.

అదే కెమెరాను డ్రోన్‌కి బిగించి లేపితే అంతా ఒకటే బూడిదరంగు.

ముందు ఎత్తును అనుమానించా. 160×120 సెన్సర్, 57 డిగ్రీల లెన్స్. 12 మీటర్ల నుంచి ఒక్కో పిక్సెల్ నేల మీద 8 సెంటీమీటర్లు. గుంత వెడల్పు 40, అంటే 5 పిక్సెళ్లు రావాలి. 6 మీటర్లకు దించినా లాభం లేకపోయింది. ప్రొపెల్లర్ల గాలి నేలను చల్లారుస్తోందా అని పొట్టు చల్లా. 6 మీటర్ల దగ్గర కొట్టుకుపోయింది, 12 దగ్గర కదల్లేదు. అక్కడా గుంత కనపడదేం మరి?

చివరికి గాలి కెమెరానే తికమక పెడుతోందేమోనని దాన్ని ఇంట్లో గోడకేసి పెట్టి, దాని మీదికి టేబుల్ ఫ్యాన్ వేశా. దొంగ దొరికాడు! ఒకే వేడి ఉన్న గోడకు మధ్యలో ఒక లెక్క, మూలల్లో 1.2 డిగ్రీలు తక్కువ. కెమెరా తన లెక్కను సరిచూసుకునే లోపలి షట్టర్ టక్కుమన్నాక సర్దుకుంటుంది, అరనిమిషంలో మళ్లీ మొదలు. మనం వెతికే తేడా 0.8, ఆ పైనుంచి ఇంకా తక్కువే. ఈ గోలలో అదెక్కడ తేలుతుంది? గాలి తగలకుండా కెమెరా చుట్టూ థర్మోకోల్ గూడు కట్టాక 1.2 కాస్తా 0.6కి దిగింది, చాలదు. లెన్స్ ముందు అద్దం పెడదామంటే అది వేడి కిరణాలను ఆపేస్తుంది. పల్చటి పాలిథిన్ ఆపదు కాబట్టి కిరాణా కవర్ ముక్క అంటించి చూడాలి. ప్రతి ఫొటోకు ముందు షట్టర్ కొట్టించడం ఇంకో ఆలోచన.

డ్రోన్ చేనంతా వరసలుగా తిరిగే గ్రిడ్ సర్వే, ఫొటోల అతుకు మాత్రం బాగా కుదిరాయి. ఈ పనికి డ్రోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఆర్డుపైలట్‌కి మించింది లేదు, ఎవరేమన్నా సరే.

అమెరికాలోని బింగ్‌హామ్టన్ యూనివర్సిటీ వాళ్లు పీఎఫ్ఎం-1 అనే చిన్న ప్లాస్టిక్ మైన్లను (మందుపాతరలను) డ్రోన్ థర్మల్‌తో పట్టారు. కాకపోతే అవి నేల మీద పడి ఉండేవి. 2025 ఏప్రిల్, మే నెలల్లో మావోయిస్టులపై జరిగిన కర్రెగుట్టల ఆపరేషన్‌లో 450 ఐఈడీలు (నాటు బాంబులు) స్వాధీనం చేసుకున్నామని కేంద్రం ప్రకటించింది. అక్కడ చెట్ల గొడుగు కిందికి థర్మల్ చూపు దిగదు. జవాన్ల ముందు నడిచేది ఇప్పటికీ డాగ్ స్క్వాడ్, చేతి డిటెక్టర్లే. నాలాంటి బొమ్మ పనికొస్తే గిస్తే బోడి నేల మీద, కచ్చారోడ్ల మీదే.

తర్వాత ఇనుము వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును కొలిచే మ్యాగ్నెటోమీటర్. ఆర్ఎం3100 అనే అలాంటి సెన్సర్ బోర్డు తెప్పిస్తున్నా. దూరం రెట్టింపైతే డబ్బా సంకేతం ఎనిమిదో వంతుకు పడిపోతుంది కాబట్టి నేలకు అర మీటరు పైనే తిరగాలి. మోటార్ల కరెంటు గోల తగలకుండా దాన్ని డ్రోన్ కింద 3 మీటర్ల నైలాన్ తాడుకు వేలాడదీయాలి. తాడు ఊగితే రీడింగులు ఊగుతాయి, ఆ తంటా వేరే. ముందైతే పాలిథిన్ సంగతి తేల్చాలి, వానలు పడేలోపే. తడి నేల మీద ఈ తేడాలన్నీ చెరిగిపోతాయి.